నీటి అడుగున వెచ్చదనం, నడుముకు సీసం

మహానంది కోనేట్లో దిగినవాళ్లకు ఈ సంగతి ఒంటికి తెలుసు. నీళ్లు అయిదడుగుల లోతే. అడుగున గుండుసూది పడినా కనిపించేంత తేట. బయట ఎండ మాడ్చేస్తుంటే మొదటి మునకకు ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. ఇంకాసేపటికి పిల్లల పెదాలు నల్లబడతాయి, పళ్లు టకటకా కొట్టుకుంటాయి. "ఇంక చాలు, పైకి రండ్రా" అని ఒడ్డునున్న పెద్దలు కేకేస్తారు. ఆ నీళ్లు మంచునీళ్లేం కావు. గాలి అంతే చల్లగా ఉన్న పూట చొక్కా విప్పి అరుగు మీద కూర్చుంటే హాయిగా ఉంటుంది. నీళ్లలో మాత్రం వణుకు పుడుతుంది.

నీరు గాలి కంటే దాదాపు 24 రెట్లు ఎక్కువగా వేడిని తనలోంచి పోనిస్తుంది. పైగా లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయాలంటే, లీటరు గాలికి పట్టేదానికి సుమారు 3,500 రెట్ల వేడి కావాలి. గాలిలో ఉన్నప్పుడు ఒంటి చుట్టూ ఉన్న పలుచని పొరను శరీరం తొందరగానే వెచ్చబెట్టుకుంటుంది. నీళ్లలో ఆ పని ఎప్పటికీ పూర్తికాదు. ఎంత వేడి పోసినా చుట్టూ ఉన్న నీరు మింగేస్తూనే ఉంటుంది.

ఎండలకు పేరుపడ్డ కర్నూలు, కడప వాళ్లకు చలినీళ్ల డైవింగ్ గురించి మనకెందుకు అనిపించవచ్చు. కానీ ఇప్పుడు సీమ నుంచి సియాటిల్, టొరంటో, ఓస్లో చేరిన ఇళ్లు తక్కువేం కాదు. అక్కడ సెలవురోజున స్కూబా నేర్చుకోవడం మామూలు సంగతి. సియాటిల్ పక్కనున్న ప్యూజెట్ సౌండ్ నీళ్లు వేసవిలో కూడా చన్నీళ్లే. అమెరికా, కెనడాల మధ్యనున్న పెద్ద సరస్సుల లోతుల్లో ఏడాది పొడవునా 4 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఐస్‌లాండ్‌లో రెండు భూఫలకాల మధ్య చీలికగా ఉన్న సిల్ఫ్రాలో 2 నుంచి 4 డిగ్రీలు. అక్కడ డ్రైసూట్ (నీరు లోపలికి రానివ్వని సూట్) లేకుండా స్కూబాకు దిగనివ్వరు. ఇలాంటిచోట్ల సూట్ కింద ఏం తొడుక్కున్నామన్నదే డైవ్ ఎలా సాగుతుందో, ఒక్కోసారి ప్రాణంతో పైకి వస్తామో లేదో కూడా తేలుస్తుంది.

మామూలుగా సినిమాల్లో కనిపించే నల్లటి రబ్బరు సూట్ వెట్‌సూట్. 1950ల మొదట్లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ దానికి రూపమిచ్చాడు. నియోప్రీన్ రబ్బరులో చిక్కుకున్న సన్నని బుడగలే అందులో చలిని ఆపేవి. లోతుకు పోయేకొద్దీ నీటి ఒత్తిడికి ఆ బుడగలు నలుగుతాయి, సూట్ పలుచబడుతుంది. చలి ఎక్కువగా ఉండే లోతులోనే రక్షణ తగ్గిపోతుందన్నమాట. డ్రైసూట్ పద్ధతి వేరు. మెడ దగ్గర, మణికట్ల దగ్గర బిగుతైన సీళ్లు, నీరు చొరని జిప్పు, ఛాతీ మీద గాలి నింపే వాల్వు, ఎడమ భుజం దగ్గర గాలి వదిలే వాల్వు. ఒంటికి నీటిచుక్క తగలదు. ఇప్పుడు ఎక్కువమంది వాడే మూడు పొరల గుడ్డ సూట్‌కు సొంతంగా వెచ్చదనం దాదాపు లేనట్టే. అది నీరు ఆపే గోడ మాత్రమే. చలి ఆపే బాధ్యతంతా లోపల వేసుకున్న బట్టది. డైవర్లు దాన్ని అండర్‌సూట్ అంటారు.

ఇది కొత్త ఆలోచనేం కాదు. 1830లలో ఆగస్టస్ సీబ్ లండన్‌లో తయారుచేసిన రాగి శిరస్త్రాణం, రబ్బరు పూసిన గుడ్డ సూట్‌తో సముద్రపు అడుగుకు దిగినవాళ్లు కూడా లోపల ఉన్ని స్వెట్టర్లు, ఉన్ని మేజోళ్లు, ఉన్ని టోపీలు ఒకదాని మీద ఒకటి తొడుక్కునేవాళ్లు. ఉన్నినే ఎందుకు ఎంచుకున్నారో తెలియాలంటే లండన్ దాకా పోనక్కర్లేదు. ఆదోని, ఆలూరు వైపు గొర్రెల కాపరి భుజాన ఉన్న గొంగడిని చూస్తే చాలు.

ఏ బట్టా వేడిని పుట్టించదు. మన ఒంట్లో పుట్టిన వేడిని పోనివ్వకుండా ఆపేది బట్ట పోగులు కాదు, పోగుల మధ్య కదలకుండా నిలబడ్డ గాలి. ఉన్ని పోగు పుట్టుకతోనే వంకీలు తిరిగి ఉంటుంది. రెండు పోగులు పూర్తిగా అతుక్కోవు, సందు మిగులుతుంది, ఆ సందులో గాలి ఉంటుంది. ఆ పోగు పైన సన్నటి పొలుసులుంటాయి. వాన తుంపర గొంగడి మీద పడితే ముత్యంలా నిలబడి కాసేపు జారుతూ ఉండేది ఆ పొలుసుల పైనున్న కొవ్వు పొర వల్ల. అదే పోగు లోపలిభాగం చెమట ఆవిరిని మాత్రం పీల్చుకుంటుంది. తన బరువులో మూడోవంతు దాకా తేమ పట్టినా ఉన్ని తడిసినట్టే తెలియదు. ఆవిరిని పీల్చుకునేటప్పుడు కాస్త వేడి కూడా వదులుతుంది. వానలో మంద వెంట నిలబడే మనిషికి తడిసిన గొంగడి కూడా ఎందుకు పనికొస్తుందో ఇందులోనే ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లోకెల్లా పెద్ద పత్తి మార్కెట్ కూడా ఆ ఆదోనిలోనే ఉంది. మన ఎండలకు నూలు బట్టను మించింది లేదు. చెమటను పీల్చుకుని నిదానంగా ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. డ్రైసూట్ కింద ఆ మేలే కీడవుతుంది. తడిసిన నూలుపోగు మెత్తబడి కూలిపోతుంది, గాలి నిలిచే సందులు మూసుకుపోతాయి, తడిగుడ్డ చర్మానికి అంటుకుని వేడిని నీటికి అప్పజెపుతుంది. సూట్‌లోకి ఒక్క చుక్క రాకపోయినా మన చెమటే చాలు ఇంత పని చేయడానికి. అందుకే డ్రైసూట్ కింద నూలు బనియన్, నూలు మేజోళ్లు, జీన్స్ వేసుకోకూడదు. ఈ ఒక్క విషయంలో మినహాయింపు లేదంటాను.

మరి గొంగడినే కత్తిరించి అండర్‌సూట్ కుట్టుకోవచ్చా? సూత్రం సరిపోతుంది గానీ సరుకు సరిపోదు. దక్కనీ, బళ్లారి జాతుల గొర్రెల ఉన్ని ముతక. పోగు మందం 30 మైక్రాన్లు దాటితే చర్మాన్ని గుచ్చుతుంది. మెరినో ఉన్ని పోగు 20 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి చర్మానికి ఆనించి వేసుకోవచ్చు. (కడప వైపు ఎక్కువగా కనిపించే నెల్లూరు జాతి గొర్రెకు వెంట్రుకే గానీ ఉన్ని ఉండదు. మాంసానికి గిరాకీ పెరిగి ఉన్ని మందలు తగ్గిపోవడం, వాటితోపాటు గొంగడి నేసే గుంట మగ్గాలు మూతపడటం నాకు బాధ కలిగించే సంగతి.) ముతక ఉన్నితో ఇంకో చిక్కుంది. రాలిన పీచు భుజం దగ్గరి వాల్వులో ఇరుక్కుంటే అది సరిగా మూసుకోదు, నీరు లోపలికి వస్తుంది. మణికట్టు సీల్ కింద ఒక్క పోగు అడ్డుపడినా అంతే.

అందుకని డైవర్లు పొరలు పొరలుగా వేసుకుంటారు. చర్మానికి ఆనేది పలుచని మెరినో గానీ, తేమను అసలే పీల్చుకోని పాలీప్రొపిలీన్ గానీ. దాని పని చెమటను చర్మం మీద నిలవనివ్వకుండా బయటి పొరకు చేరవేయడం. దాని మీద మందపాటి అండర్‌సూట్. ఇందులో పాలిస్టర్ ఫ్లీస్ చవక, తొందరగా ఆరుతుంది. 3ఎం కంపెనీ 1970ల చివర్లో తెచ్చిన థిన్సులేట్‌లో పోగులు చాలా సన్నం. అందువల్ల అదే మందంలో ఎక్కువ గాలిని కదలకుండా పట్టి ఉంచుతుంది, తడిసినా చాలావరకు పని చేస్తుంది.

ఎంత మందం కావాలో లెక్క వేసి చూడొచ్చు. తల, అరచేతులు తీసేస్తే సూట్ కప్పే ఒళ్లు సుమారు 1.6 చదరపు మీటర్లు అనుకుందాం. చర్మం 32 డిగ్రీలు, నీరు 8 డిగ్రీలు, తేడా 24. అండర్‌సూట్ నిజంగా 5 మిల్లీమీటర్ల మందంతో నిలబడి ఉంటే ఒంటినుంచి సెకనుకు 300 జౌళ్లు, అంటే 300 వాట్ల వేడి బయటికి పోతుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో పుట్టేది 100 వాట్లే. నిదానంగా ఈదితే రెండింతలో, కాస్త ఎక్కువో. లోటు స్పష్టంగా కనిపిస్తోంది. మందం 10 మిల్లీమీటర్లు చేస్తే నష్టం 150 వాట్లకు దిగుతుంది, మెల్లగా ఈదే మనిషి తట్టుకుంటాడు. ఇది చేతిలెక్కే. అయినా సమస్య పరిమాణం తెలియడానికి చాలు.

ఇప్పుడు ఇదే లెక్కను రెండోవైపు నుంచి చూడాలి. 1.6 చదరపు మీటర్ల ఒంటి మీద 5 మిల్లీమీటర్ల మందం అంటే 8 లీటర్లు. 10 మిల్లీమీటర్లు అంటే 16 లీటర్లు. అందులో అత్యధిక భాగం గాలే. ఆర్కిమెడిస్ సూత్రం బడిలో చదివిందే: లీటరు నీటిని పక్కకు నెడితే కిలో బలం పైకి తోస్తుంది. మన పిల్లలు బావిలో ఈత నేర్చుకునేటప్పుడు వీపుకు బెండు కట్టుకున్నట్టు, అండర్‌సూట్ తొడుక్కున్న డైవర్ ఒళ్లంతా బెండు కట్టుకున్నట్టే. 8 లీటర్ల గాలిని ముంచడానికి 8 కిలోల సీసం కావాలి, 16 లీటర్లకు 16 కిలోలు. వెచ్చదనం కొంటున్నామంటే గాలిని కొంటున్నాం. గాలిని కొన్న ప్రతిసారీ దానికి సరిపడా సీసాన్ని నడుముకు కట్టుకోవాలి. అంగట్లో దొరికే అండర్‌సూట్లలో అన్నిటికన్నా మందమైనది మంచిదన్న నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది. ఆఖరి నిమిషం దాకా వణుకు రాకుండా ఆపగల అండర్‌సూట్లలో అన్నిటికన్నా పలుచనిది ఏదో అదే మంచిది.

కొలతలో ఇంకో మోసం ఉంది. బల్ల మీద 10 మిల్లీమీటర్లు కనిపించే ఫ్లీస్ నీళ్లలో అంతే ఉండదు. డైవర్ బోర్లా పడుకున్నట్టు ఈదుతుంటే సూట్‌లోని గాలి పైకి, అంటే వీపువైపు చేరుతుంది. వీపు కంటే ఛాతీ, పొట్ట సుమారు 30 సెంటీమీటర్లు కింద ఉంటాయి. అంత నీటి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 30 గ్రాములు. దీన్ని ఇంట్లోనే పరీక్షించొచ్చు. అండర్‌సూట్‌ను బల్ల మీద పరచి, పది సెంటీమీటర్ల చదరపు అట్టముక్క పెట్టి, దాని మీద 3 కిలోల బియ్యం సంచి నిలబెట్టాలి. ఇప్పుడు పక్కనుంచి స్కేలు పెట్టి మందం చూడాలి. పొట్టకు దొరికే రక్షణ అంతే. పొడవాటి నూగుతో మెత్తగా, ముద్దుగా కనిపించే బట్టలు కొన్ని ఈ పరీక్షలో అప్పడంలా అణిగిపోతాయి. గట్టిగా నేసిన బట్ట చేతికి అంత మెత్తగా లేకపోయినా నిలబడుతుంది. డైవర్ నిలువుగా నిలబడితే కాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. భుజం నుంచి పాదానికి సుమారు మీటరున్నర ఎత్తు తేడా. అదే అట్టముక్క మీద 15 కిలోలు పెట్టినట్టు. నీళ్లలో నిలబడి కబుర్లు చెప్పుకునేవాళ్లకు ముందుగా పాదాలే మొద్దుబారడానికి ఇదొక కారణం.

లోతుకు దిగుతున్నకొద్దీ గాలి ఎలా నడుచుకుంటుందో 1662లో రాబర్ట్ బాయిల్ చెప్పాడు. ఒత్తిడి రెట్టింపయితే ఘనపరిమాణం సగం. నీటిపైన ఒక వాతావరణ పీడనం, 10 మీటర్ల లోతులో రెండు, 30 మీటర్లలో నాలుగు. పైన 8 లీటర్లున్న గాలి 30 మీటర్లలో 2 లీటర్లకు నలిగిపోతుంది. సూట్ ఒంటిని పట్టేస్తుంది, మడతల్లో చర్మం ఇరుక్కుని ఎర్రటి వాతలు తేలుతాయి, అండర్‌సూట్ అణిగి చలి పట్టుకుంటుంది. అందుకే దిగుతూ దిగుతూ ఛాతీ మీది వాల్వు నొక్కి కొంచెం కొంచెంగా గాలి చేర్చాలి. అలా 30 మీటర్లలోనూ 8 లీటర్లు నిలబెట్టుకుంటే వెచ్చదనం, తేలే గుణం రెండూ పైన ఉన్నట్టే ఉంటాయి.

తిరుగు ప్రయాణంలోనే అసలు ఒడుపు అవసరం. 30 మీటర్ల నుంచి 20కి వస్తే ఆ 8 లీటర్లు 10.7 అవుతాయి. పెరిగింది మూడు లీటర్ల లోపే. 10 మీటర్ల నుంచి పైకి వస్తే 8 లీటర్లు 16 అవుతాయి. అవే పది మీటర్లు, కానీ తోపు మూడింతలు. పెరిగిన గాలిని భుజం దగ్గరి వాల్వు నుంచి వదలకపోతే డైవర్ వేగంగా పైకి లేస్తాడు, లేచేకొద్దీ గాలి ఇంకా ఉబ్బుతుంది, వేగం ఇంకా పెరుగుతుంది. రక్తంలో కరిగిన నత్రజని బుడగలు కట్టి డీకంప్రెషన్ జబ్బు చేయడానికి, ఊపిరి బిగబట్టి ఉంటే ఊపిరితిత్తులు చిట్లడానికి ఇదే దారి.

కొత్తవాళ్లను ఎక్కువగా భయపెట్టేది పాదాల వైపు గాలి చేరడం. తల కిందికి వంచిన క్షణంలో గాలి పిక్కల్లోకి పరుగెడుతుంది. బూట్లు బుడగల్లా ఉబ్బి, ఈదడానికి పాదాలకు తొడుక్కున్న ఫిన్స్ ఊడి, మనిషి తలకిందులుగా పైకి తేలిపోతాడు. గాలి వదిలే వాల్వు భుజం దగ్గర, అంటే ఇప్పుడు అడుగున ఉంది కాబట్టి గాలి బయటికి పోదు. మోకాళ్లు ఛాతీకి ముడిచి, ఒక్కసారి దొర్లి నిటారుగా కావాలి. కాళ్లు ఉబ్బినప్పుడు ఈ పని మీద ధ్యాస నిలవదు, కాబట్టి ముందే లోతులేని చోట నేర్చుకుని ఉండాలి. పిక్క దగ్గర వదులుగా ఉన్న సూట్, అవసరానికి మించిన సీసం ఈ ప్రమాదాన్ని పెంచుతాయి.

సీసం ఎక్కువైతే మునుగుతామే గానీ తేలిపోమనిపిస్తుంది. నిజం దానికి తిరగబడి ఉంటుంది. నాలుగు కిలోల సీసం ఎక్కువ కట్టుకున్న డైవర్ అడుగున తేలికగా నిలవాలంటే నాలుగు లీటర్ల గాలిని ఎక్కువ నింపుకోవాలి. ఆ నాలుగు లీటర్లు అండర్‌సూట్ పోగుల మధ్య నిలవవు, ఖాళీ జాగాలో పెద్ద బుడగలా అటూ ఇటూ పరుగెడతాయి. పది మీటర్ల నుంచి పైకి వచ్చేసరికి ఎనిమిది లీటర్లవుతాయి. అందుకే సూట్‌లో ఒళ్లు నొక్కుకోకుండా, చలి పట్టకుండా ఉండేంత గాలి మాత్రమే ఉంచి, మిగతా తేలే పనిని వీపున ఉండే గాలి జాకెట్ బీసీడీకి వదిలేయడం మేలని నా అభిప్రాయం. ఒక్క సిలిండర్‌తో చేసే డైవ్‌లకు అంతా సూట్‌తోనే సరిచేసుకోమని నేర్పే శిక్షకులున్నారు. వాళ్ల పద్ధతి కూడా సీసం సరిగ్గా ఉంటేనే పని చేస్తుంది.

సీసం సరిగ్గా ఉందో లేదో చూసే వేళ డైవ్ మొదలు కాదు, చివర. 11 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ల ఒత్తిడితో ఉన్న గాలి రెండున్నర కిలోల పైచిలుకు తూగుతుంది. 50 బార్లకు వచ్చేసరికి సుమారు రెండు కిలోలు ఊపిరిగా బయటికి పోయి ఉంటాయి. మొదట్లో సరిగ్గా మునిగిన మనిషి చివర్లో రెండు కిలోలు తేలిక. కాబట్టి 50 బార్లు మిగిలినప్పుడు 5 మీటర్ల లోతులో ఆగాలి. బీసీడీ పూర్తిగా ఖాళీ చేయాలి. భుజం వాల్వు మొత్తం తెరిచి, మోచేయి కాస్త ఎత్తాలి. బుడగలు ఆగిపోయాక ఫిన్స్ కదపకుండా, మామూలుగా ఊపిరి పీలుస్తూ ఉండాలి. అక్కడే నిలబడితే సీసం సరి. కిందికి జారుతుంటే ఒక కిలో తీసేసి ఇంకో డైవ్‌లో మళ్లీ చూడాలి. పైకి లేస్తుంటే ఒక కిలో చేర్చాలి. అలా నిలబడ్డప్పుడు సూట్ ఒంటిని మరీ పట్టేసి చలి పెడుతుంటే, ఆగే చోట వెచ్చగా ఉండటానికి ఒక కిలో అదనంగా ఉంచుకోవడంలో తప్పులేదు. సముద్రంలో సరిచేసుకున్న లెక్క మంచినీటి సరస్సుకు పనికిరాదు. సామానుతో కలిపి 100 కిలోలున్న డైవర్‌కు ఉప్పునీటిలో కన్నా మంచినీటిలో సుమారు రెండున్నర కిలోల సీసం తక్కువ పడుతుంది.

జిప్పు తెగి సూట్ నిండా నీళ్లు వస్తే ఆ నీటి బరువుకే మునిగిపోతామని చాలామంది భయం. నీటిలో నీటికి బరువు లేదు. లోపలి నీరు, బయటి నీరు సమానమే. కానీ గాలి పోయింది, దానికోసం కట్టుకున్న ఎనిమిది కిలోల సీసం మాత్రం నడుముకు అలాగే ఉంది. ఆ బరువును ఎత్తగల బీసీడీ ఉండాలి, లేదా సీసంలో కొంత భాగాన్ని విడిచేసే వీలుండాలి. మందమైన అండర్‌సూట్ కొనేటప్పుడే చూసుకోవాల్సిన విషయమిది. పడవ ఎక్కేటప్పుడు మాత్రం ఆ నీళ్లు నిజంగానే బరువు.

సూట్‌లో నింపే వాయువు కూడా లెక్కలోకి వస్తుంది. ఆర్గాన్ వేడిని పోనిచ్చేది గాలి కన్నా మూడోవంతు తక్కువ. చాలా లోతుకు పోయేవాళ్లు ఊపిరికి హీలియం కలిపిన మిశ్రమం వాడినా సూట్‌లోకి దాన్ని ఎక్కించరు. హీలియం గాలి కన్నా దాదాపు ఆరు రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది. వాళ్లు సూట్ కోసం వేరే చిన్న సిలిండర్ మోస్తారు. బ్యాటరీతో వేడెక్కే చొక్కాలు కూడా వచ్చాయి. వాటి విషయంలో జాగ్రత్త ఎందుకో అమెరికా నౌకాదళపు నేవీ ఎక్స్‌పెరిమెంటల్ డైవింగ్ యూనిట్ 2007లో ప్రచురించిన ప్రయోగం చెబుతుంది. లోతులో ఉన్నంతసేపు వెచ్చగా ఉండి, పైకి వస్తూ ఆగేచోట చలికి గురైన డైవర్లకు డీకంప్రెషన్ జబ్బు ముప్పు బాగా పెరిగింది. లోతులో చల్లగా, ఆగేచోట వెచ్చగా ఉన్నవాళ్లకు చాలా తగ్గింది. వెచ్చగా ఉన్నప్పుడు రక్తం ఎక్కువగా పారి కండరాల్లోకి నత్రజని తొందరగా చేరుతుంది, చలిలో రక్తనాళాలు ముడుచుకుని దాన్ని బయటికి పోనివ్వవు. ఆ ప్రయోగంలో వెచ్చని నీళ్లంటే 36 డిగ్రీలు, చల్లని నీళ్లంటే 27 డిగ్రీలు. మనం హాయి అనుకునే నీటిలో కూడా ఇంత తేడా వచ్చిందంటే, 4 డిగ్రీల సరస్సులో బ్యాటరీ సగంలో అయిపోతే ఏమవుతుందో ఊహించొచ్చు. అందుకే బ్యాటరీ పని చేయకపోయినా తట్టుకోగల అండర్‌సూట్ ఉంటేనే ఆ చొక్కా వేసుకోవాలి, దాన్ని పైకి వచ్చే వేళకు దాచుకోవాలి.

మన వైపు వాతావరణంలో డ్రైసూట్ అవసరం పడేది చలికి కాదు, మురికికి. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు ఊరంతా నిలిచిన నీటిలో ఏమేం కలిసి ఉంటాయో చెప్పనక్కర్లేదు. అలాంటి నీటిలో వెతుకులాటకు దిగే డైవర్లకు పలు దేశాల్లో రబ్బరు డ్రైసూట్ వేస్తారు, చర్మానికి ఆ నీరు తగలకుండా. అక్కడ లోపలి బట్ట ఎంపిక పూర్తిగా తిరగబడుతుంది. 38 డిగ్రీల ఎండలో గాలి చొరని సూట్ తొడిగి ఒడ్డున నిలబెడితే డైవర్‌కు వడదెబ్బ నీళ్లలో దిగకముందే తగలొచ్చు. చెమటను లాగే పలుచని ఒక్క పొర చాలు. సూట్‌ను చివరి నిమిషంలో తొడగాలి, అంతదాకా నీడలో ఉంచాలి, పైన చన్నీళ్లు పోస్తుండాలి. అంత పలుచని బట్టలో నిలిచే గాలి రెండు లీటర్లకు మించదు కాబట్టి, చలిదేశంలో వాడిన సీసపు బెల్టును అలాగే తెచ్చి కడితే ఆరేడు కిలోలు అదనం. అండర్‌సూట్ మారిన ప్రతిసారీ ఆ 5 మీటర్ల పరీక్ష మళ్లీ మొదటినుంచి చేయాలి.